మా చెల్లెలి నిత్య మాటపట్టు

మా పిన్ని కూతురు మొన్న నిత్య మాటపట్టు చేసుకుంది, అంటే జీవితాంతం క్యాథలిక్ సిస్టర్‌గానే ఉంటానని దేవుడికి మాటిచ్చింది. చిత్తూరు నుంచి బంధువులందరం వెళ్ళాం. పునీతుల (సెయింట్ల) ప్రార్థన పాడుతున్నంతసేపూ తను పీఠం ముందు బోర్లా సాగిలపడే ఉంది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే ఉంది.

'పాపం, పిల్లని మఠంలో పెట్టేశారు' అని మా వీధిలో ఇప్పటికీ అంటుంటారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. ఎవరో పెట్టేస్తే అయ్యే పని కాదది. మొదట ఆస్పిరెంటు (చేరాలనుకుని వచ్చిన అమ్మాయి), తర్వాత పోస్టులెంటు (శిక్షణకి సిద్ధమయ్యే దశ), ఆపైన నోవిషియేటు (మఠ జీవితపు అసలు శిక్షణ కాలం). శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం ప్రకారం నోవిషియేటు ఒక్కటే కనీసం 12 నెలలు. ఆ కాలంలో వద్దనుకుంటే నిరభ్యంతరంగా ఇంటికి వచ్చేయొచ్చు. తర్వాతే పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మొదటి మాటపట్టు. అదీ గడువు పెట్టి ఇచ్చే మాటే. కనీసం 3 ఏళ్ళు అలా గడిచి, వయసు 21 నిండితేనే నిత్య మాటపట్టు. పెళ్ళికి మనం ఇంత టైమ్ ఇస్తున్నామా?

ఆ మూడు మాటల్లో నాకు కష్టమనిపించేది విధేయత. ప్రాణం పెట్టి పాఠాలు చెప్పే స్కూలు వదిలి ఇంకో ఊరు వెళ్ళమంటే పెట్టె సర్దుకోవాల్సిందే. 'టెన్షన్‌గా లేదా?' అని చెల్లిని అడిగా. 'ఉందక్కా. అయినా ఇష్టపడే ఇచ్చాను మాట' అంది.