హుద్‌హుద్ పడగొట్టిన టేకు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖలోని మా పెదవాల్తేరు ఇంటి పెరట్లో మామగారు నాటిన టేకు చెట్టును కూకటివేళ్లతో సహా పడగొట్టింది. అమ్మడానికి మనసొప్పలేదు. దుంగలు కోయించి, రెండేళ్లు నీడలో ఆరబెట్టి, పెరట్లోనే అరుగులా చెక్క డెక్ వేయించాం. సాయంత్రం టీ ఇప్పటికీ అక్కడే.

మొదటి ఏడాది వానల్లోపు అయిపోవాలన్న టెన్షన్‌తో మే నెల మిట్టమధ్యాహ్నం నూనె రాయించాను. కాలుతున్న చెక్క మీద అది లోపలికి ఇంకకుండానే జిగురులా పేరుకుంది, దుమ్మంతా పట్టేసింది. మొత్తం ఎమరీ పేపర్‌తో గీకించాల్సి వచ్చింది. ఇప్పుడా పని సంక్రాంతి వెళ్లాకే. అప్పటికి చెక్క బాగా ఆరి ఉంటుంది, ఎండా చురుక్కుమనదు. ముందు నాలుగు నీటి చుక్కలు చల్లుతాను. ముత్యాల్లా నిలిస్తే నూనె అక్కర్లేదు, ఇంకిపోతే రాయాలి. గుడ్డతో పలచగా రాసి, పావుగంట ఆగి, మిగిలింది తుడిచేస్తాం. అవిసె నూనె కలిసిన ఆ గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతటవే వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. నేను నీళ్లలో తడిపి, విప్పి బయట దండెం మీద ఆరేస్తాను.

మన సముద్రపు గాలి చెక్క కన్నా ముందు స్క్రూలను తినేస్తుంది. ఇనుప స్క్రూల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లటి మచ్చలు పడ్డాయి. ఇనుము, టేకులోని వగరు కలిస్తే వచ్చే నలుపు అది. అన్నీ తీయించి, ఉప్పుగాలికి బాగా తట్టుకునే 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించాం. ఖరీదెక్కువే, అయినా ఇక్కడ అవే వేయించుకోవాలి.

వానాకాలంలో పాకుడు పడుతుంది. సబ్బు నీళ్లు, బ్రష్ చాలు. ప్రెషర్ పైపుతో కొడితే చెక్క పొర లేచి గరుకెక్కుతుంది. అంతకన్నా ముఖ్యం, పలకల సందుల్లో ఇరుక్కున్న వేపాకులు. అవి ఉంటే నీళ్లు కిందికి దిగవు. పాత చాకుతో వారానికోసారి గీకి తీస్తాను.

పోయిన ఏడాది వానలు వెలిశాక మేస్త్రి వంగి పలకల చివర్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. ఒకచోట మెత్తగా దిగిపోయింది. "ఇది తెల్లచెక్కమ్మా, చేవ లేదు. పక్కది చూడండి" అని దాన్నీ పొడిచాడు. గీత కూడా పడలేదు. తెల్లచెక్క అంటే బెరడు పక్కనుండే మెత్తటి భాగం, చేవ అంటే లోపలి గట్టి భాగం.

పుచ్చిన పలక మార్చేశాం. ఆ చెట్టువే ఇంకో రెండు పలకలు షెడ్డులో ఉన్నాయి, రెండూ చేవవే. నీళ్లు ఎక్కువగా పీల్చేది కోసిన చివర్లే కదా, వాటికి ఇప్పుడే నూనె పట్టించి పెట్టాను.