పాల లెక్క

నాన్న వచ్చి పదకొండు రోజులు. మోకాళ్ళు అలాగే ఉన్నాయి, కాఫీలో చక్కెర మానలేదు. అది వేరే టపా.

ఈ సాయంత్రం చర్చివాళ్ళ ప్రార్థన కూడిక మా ఇంట్లో. బెంగళూరు కె.ఆర్.పురం ట్రాఫిక్ దాటుకుని ఏడుగురు వచ్చారు. ప్రార్థన మనవులు చెప్పుకుంటుంటే ఒక అక్క (ఎవరో మీకు తెలిసిపోయే ఉంటుంది) అందరి ముందూ అడిగింది, "మీ నాన్నగారు ఇంకా రక్షణలోకి రాలేదా? నువ్వు బాప్తిస్మం తీసుకుని పన్నెండేళ్ళు కదమ్మా?" గ్యాస్ కనెక్షన్ ఇంకా రాలేదా అన్నట్టు. పక్కగదిలో టీవీ సౌండ్ తగ్గింది. నాన్న విన్నారన్నమాట. అంతటితో ఆగిందా! "నీ సాక్ష్యంలోనే లోపముందేమో చూసుకో" అంది. యేసును నమ్మితే నువ్వూ నీ ఇంటివాళ్ళూ రక్షణ పొందుతారనే బైబిలు వచనం, అపొస్తలుల కార్యములు 16:31 ఎత్తుకుని 'నీ యింటివారును' దగ్గర నా వైపు వేలు చూపించింది. వెళ్ళేటప్పుడు గారెలు మాత్రం పొట్లం కట్టించుకుంది.

ఆమె లిఫ్టు దిగాక నాకు జవాబులు తట్టాయి. 31 దగ్గరే ఆపేస్తే ఎలా అక్కా, 32 కూడా ఉంది కదా. ఫిలిప్పీ చెరసాల నాయకుడు తానొక్కడే నమ్మి ఇంటిల్లిపాదినీ ఖాతాలో వేసుకోలేదు. అతని చెరసాలలో దెబ్బలు తిని ఉన్న పౌలు, సీల ఆ ఇంట్లో అందరికీ వాక్యం చెప్పారు. అతను వాళ్ళ గాయాలు కడిగాడు, భోజనం పెట్టాడు. అసలు యేసు ప్రభువు సొంత తమ్ముళ్ళే మొదట ఆయన్ని నమ్మలేదని యోహాను 7:5లో ఉంది. మరి ఆయన సాక్ష్యంలో ఏం లోపం?

అయినా, అప్పట్లో నేనూ ఆ అక్కనే. పెరుగన్నం తింటున్న మనిషిని పట్టుకుని "ఈ రాత్రి చచ్చిపోతే ఎక్కడికెళ్తావు నాన్నా?" అన్నాను. ముద్ద మింగి "శ్మశానానికి" అన్నారు.

బాప్తిస్మానికి రారనుకున్నాను. డిసెంబరు, చర్చి వెనక సిమెంటు తొట్టి, నీళ్ళు మంచులా ఉన్నాయి. నేను లేచేసరికి మెట్ల దగ్గర నాన్న, చేతిలో మా ఇంటి ఆకుపచ్చ తువ్వాలు. అందరూ పాడుతుంటే ఆయన నా తల తుడుస్తూ "సైనస్ ఉందని చెప్పావా పాపా వీళ్ళకి?" అని గొణిగారు. చెవుల వెనక కూడా తుడిచారు. అమ్మ ఆ రోజు వీధి గుమ్మం దాటలేదు. ఆ తువ్వాలు చివరికి స్కూటర్ తుడిచే గుడ్డయింది.

పోయిన గురువారం నాన్న కిందింటి తమిళావిడతో వివేక్‌నగర్ బాలయేసు గుడికి వెళ్ళొచ్చారు. "మీ దేవుడికి దణ్ణం పెట్టొచ్చానే" అని కొవ్వొత్తి తెచ్చి వెంకన్న పటం పక్కన పెట్టారు. అక్క కంట పడలేదు, బతికిపోయాను.

పాపం, ఆమె తమ్ముడు ఆమె ఫోన్ కూడా ఎత్తడట. ఏళ్ళ తరబడి అతని కోసం ఏడుస్తోంది. అయినా సరే, అందరి ముందూ అడగక్కర్లేదు.

అసలు రాయాలనుకున్నది ఇది. నాన్న వచ్చిన రోజే ఆయన కళ్ళజోడు పెట్టెలో ఒక సువార్త కరపత్రం మడిచి పెట్టాను. ఇందాక తీసి చూస్తే, వెనక ఖాళీ వైపు పాల లెక్క. నందిని అరలీటరు ప్యాకెట్లు: సోమ 2, మంగళ 2, బుధ 2, గురు 2. ఆ కింద, వణికే అక్షరాల్లో, 'శుక్ర. పాప ఉపవాసం. 1 చాలు.'

ముందువైపు చదివారో లేదో మడతలు చూస్తే తెలియడం లేదు. ఎలా ఉందో అలాగే పెట్టేశాను. రేపు శుక్రవారం.