చిగుళ్ళలో రక్తం వస్తా ఉంటే ఆరేళ్ళు ఊరకుండినా

మాది చిత్తూరు. బెల్లం మండీలో గుమస్తా పని, ఇరవై ఏళ్ళు దాటింది. సీజన్లో తెల్లారకముందే బండ్లు దిగతాయి, రైతు తెచ్చిన సరుకులో నుంచి ఒక చిటికెడు గిల్లి నోట్లో వేసుకుంటే గానీ రేటు మాట్లాడలేం, అట్లా రోజుకి ముప్పై నలభై సార్లు బెల్లం నోట్లో పడేది, నీళ్ళు పుక్కిలించేంత తీరిక కూడా ఉండేది కాదు. నాలుగేళ్ళ కిందట షుగర్ బయటపడినాక ఆ రుచి చూసే పని ఇంకొక పిల్లోడికి అప్పజెప్పేసినా. టీలో చక్కెర మానేసినా, రాత్రి అన్నం మానేసినా. మా నాయన షుగర్‌తోనే కాలి వేలు తీయించుకున్న మనిషి కాబట్టి నాకు భయం ఎక్కువే.

రక్తం మాత్రం షుగర్ తెలియకముందు నుంచే వస్తా ఉండింది. పొద్దున పండ్లు తోముకొని ఉమ్మితే నురగ ఎర్రగా ఉండేది. ఒక్కోసారి జామకాయ కొరికితే కాయ మీద రక్తం మరక. నొప్పి లేదు, అందుకే లెక్క చేయలేదు. బ్రష్ గట్టిగా ఉండి గీసుకుంటోంది అనుకొని ఆ రక్తం వచ్చేచోట బ్రష్ పెట్టడం మానేసినా. నేను చేసిన తప్పుల్లో పెద్దది ఇదే. రక్తం వస్తోంది అంటే అక్కడ పాచి పేరుకొని చిగురు వాచింది అని అర్థం, అక్కడే ఇంకా శ్రద్ధగా తోమాల్సింది, నేనేమో దాన్ని ముట్టుకోకుండా వదిలేసినా, పాచి కాస్తా కొన్ని రోజుల్లోనే గట్టిపడి గార అయిపోయింది, గార అయినాక ఇంక ఏ బ్రష్‌కీ రాదు.

ఈలోగా షుగర్ టెస్టులు. మూడు నెలల యావరేజి చూసే హెచ్‌బీఏ1సీ మొదట 9.4, మాత్ర పెంచితే 8.9, మళ్ళీ చూస్తే 9.2. డాక్టరు "తిండి దగ్గర ఏదో దాస్తా ఉన్నావు" అన్నాడు. ఇంట్లో ఆవిడ గ్లాసుతో బియ్యం కొలిచి వండేది, అయినా తగ్గదు, ఇద్దరం దాని మీద ఎన్ని రోజులు మాటలు పడినామో. అన్ని విజిట్లలో కాళ్ళు చూసినారు, కళ్ళు చూపించుకో అన్నారు, కిడ్నీ టెస్టు రాసినారు, నోరు తెరవమని ఒక్కరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. పండ్ల సంగతి షుగర్ డాక్టరుకి చెప్పాలని నాకు తోచనే లేదు.

మా పాప ఇంటర్ చదివేటప్పుడు రోజూ బండి మీద కాలేజీ దగ్గర దింపేవాణ్ణి. నేను తల వెనక్కి తిప్పి ఏదన్నా అడిగితే అది మొహం పక్కకి తిప్పుకొని జవాబు చెప్పేది. సిగ్గేమో, ఫ్రెండ్స్ చూస్తారనేమో అనుకునేవాణ్ణి. ఒకరోజు రాత్రి మా ఆవిడే మెల్లగా "ఏమీ అనుకోవద్దు, నీ నోట్లో నుంచి వాసన వస్తా ఉంది, పాప చెప్పలేక అట్లా తిప్పుకుంటోంది" అనింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాత యాలకులు, లవంగం, సోంపు, మండీలో ఎవరితో మాట్లాడినా చెయ్యి అడ్డం పెట్టుకోవడం, ఇవన్నీ చేసినా గానీ డాక్టరు దగ్గరికి మాత్రం పోలేదు.

గంగజాతర అయిన వారానికి, మామిడికాయల టైం, బెంగుళూరా పచ్చికాయ ఉప్పుకారం అద్దుకొని కొరికితే కింద ముందు పన్ను ఒకటి కదిలింది. కాయలోకి పన్ను దిగలేదు, పన్నే వెనక్కి వంగినట్టు అయింది. అదే రాత్రి కుడిపక్క దవడ పన్ను దగ్గర గడ్డలాగా లేచి తెల్లారేసరికి చీము. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేసుకుంటే నాలుగు రోజుల్లో తగ్గింది, మూడు వారాలకి మళ్ళీ వచ్చింది, అట్లా మూడు సార్లు. ఒక క్లినిక్‌లో చూపిస్తే రెండు నిమిషాలు చూసి "నాలుగు పండ్లు పీకేసి కట్టుడు పండ్లు పెట్టుకో" అన్నారు, ఎందుకు కదిలినాయో చెప్పలేదు, షుగర్ ఉందా అని కూడా అడగలేదు.

మా బామ్మర్ది తిరుపతిలో ఉంటాడు. "ఊరికే పీకించుకోవద్దు బావా, ఇక్కడ డెంటల్ కాలేజీ ఉంది, చిగుళ్ళకే వేరే డాక్టర్లు ఉంటారు" అని పట్టుబట్టి పిలిపించినాడు. చిగుళ్ళకి స్పెషలిస్టు ఉంటారని నాకు అప్పుడే తెలిసింది.

అక్కడ ఒక పాప, పీజీ చదువుతోందంట, గీతలు పెట్టిన సన్నటి పుల్లలాంటి పరికరం తీసుకొని ప్రతి పన్ను చుట్టూ చిగురు సందులోకి దించి అంకెలు చెప్తా ఉంటే ఇంకో అమ్మాయి రాసుకుంటోంది. "మూడు, రెండు, మూడు. నాలుగు, అయిదు, నాలుగు." ఒక్కో పన్నుకి ఆరు చోట్ల. మండీలో తూకం వేసేవాడు అరుస్తా ఉంటే నేను రాసుకోవడం ఇరవై ఏళ్ళుగా అలవాటు కాబట్టి నా మనసులో నేనూ రాసుకుంటా పోయినా. దవడ పండ్ల దగ్గరికి వచ్చేసరికి "ఆరు, ఏడు, ఏడు". మూడు మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచి చిగురు, నాలుగు, ఆపైన ఉంటే పాకెట్ అంటారు, పన్నుకీ చిగురుకీ మధ్య గుంత. ఏడు అంటే ఎముక కూడా కరిగిపోయింది అని. ఎక్స్‌రేలో చూపిస్తే అర్థమయింది, కింది ముందు పండ్ల చుట్టూ సగం ఎముక లేదు.

పెద్ద మేడమ్ వచ్చి చార్టు చూసి నేను చెప్పకముందే "షుగర్ ఎంత ఉంది అన్నా" అని అడిగింది. నాకు ఆశ్చర్యం వేసింది. ఆమె చెప్పింది నా మాటల్లో చెప్తా. షుగర్ ఎక్కువ ఉంటే సూక్ష్మక్రిములతో పోరాడే శక్తి తగ్గి చిగుళ్ళ వాపు ముదురుతుంది. ఆ వాపు నోట్లోనే ఆగదు, చీముపట్టిన చోటు నుంచి వాపు పుట్టించే పదార్థాలు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతాయి, దాంతో ఇన్సులిన్ పని సరిగ్గా జరగదు, షుగర్ ఇంకా పెరుగుతుంది. అది దీన్ని, ఇది దాన్ని పెంచుతా పోతాయి. కళ్ళు, కిడ్నీలు, నరాలు మాదిరే చిగుళ్ళ జబ్బునీ షుగర్ తెచ్చే ఆరో కాంప్లికేషన్ అని 1993 నుంచే అంటా ఉన్నారంట. "మోకాలి మీద ఇంత పుండు ఉంటే ఆరేళ్ళు ఊరుకుంటారా అన్నా, నోట్లో కనపడలేదు కాబట్టి ఊరుకున్నారు" అనింది. నాకు నాయన కాలి వేలు గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

గుండె జబ్బుల గురించి అడిగితే, చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో అవి ఎక్కువ కనిపిస్తాయి గానీ ఇదే కారణం అని తేలలేదు అని సూటిగా చెప్పింది. అట్లా లేనిపోని భయం పెట్టకుండా చెప్పింది కాబట్టే మిగతావన్నీ నమ్మినా.

ముందు పైపైన క్లీనింగ్. తర్వాత మత్తు సూది వేసి ఒక్కో పక్క, చిగురు లోపల వేరు దాకా గీకి శుభ్రం చేసినారు. నొప్పి పెద్దగా లేదు, ఎముక మీద గీకుతున్నట్టు ఆ శబ్దమే తలలో మోగుతుంది. గాజుగుడ్డ మీద తీసి పెట్టిన గార చూపించినారు, పైన ఉండేది పసుపు పచ్చగా ఉంటే చిగురు కింద నుంచి వచ్చింది నల్లగా, అడుగంటిన బెల్లం పెచ్చు మాదిరి ఉండింది. దవడ పన్ను ఒకటి మాత్రం నిలవదు అని తీసేసినారు. ముందు పండ్లు నిలిచినాయి.

ఇక్కడ ఒకటి చెప్పాలి, ఎందుకంటే మా వైపు చానామంది ఇదే అంటారు, క్లీనింగ్ చేయిస్తే పండ్లు కదిలిపోతాయి, సందులు వస్తాయి అని. నాకూ చేయించినాక పండ్ల మధ్య సందులు కనపడినాయి, చల్లనీళ్ళు తాగితే జివ్వుమనేది, మండీలో అందరూ "చెప్పినాం కదా" అన్నారు. నిజానికి ఆ సందుల్లో ఎముక, చిగురు ఎప్పుడో పోయినాయి, గార కూర్చొని మూసి పెట్టింది, వాపు తగ్గి చిగురు బిగుసుకునేసరికి ఉన్నది బయటపడింది. జివ్వుమనడం నెలరోజుల్లో తగ్గిపోయింది. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రెండు వారాలు వాడమన్నారు, దానికి పండ్లు గోధుమరంగు తిరిగి టీ రుచి మారిపోయింది, అది కూడా మానేసినాక మళ్ళీ పాలిష్ చేస్తే పోయింది.

ఇంకోటి. మా మండీలో బీడీలు తాగే అన్న ఒకాయన "నాకెప్పుడూ రక్తం రాలేదు, నా చిగుళ్ళు గట్టివి" అంటాడు. పొగతాగే వాళ్ళకి చిగుళ్ళలో రక్తప్రసరణ తగ్గి రక్తం పెద్దగా రాదంట, లోపల జబ్బు మాత్రం ఎక్కువే ఉంటుంది. ఆయన్ని చూపించుకోమని నేను వదలకుండా చెప్తానే ఉండా.

మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 8.3. అంతా చిగుళ్ళ వల్లే అని నేను అనను, మాత్రలు అవే అయినా సాయంత్రం నడక కూడా మొదలుపెట్టినా. చిగుళ్ళ ట్రీట్‌మెంట్ వల్ల సగటున 0.4 దాకా తగ్గుతుందని 2022లో కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్ళు చాలా స్టడీలు కలిపి లెక్క తేల్చినారని మేడమ్ చెప్పింది. చిన్న అంకెలాగా ఉంది గానీ రెండేళ్ళు కదలని అంకెని చూసినవాడికి తెలుస్తుంది అది ఎంతో. పొద్దున లేస్తే నోట్లో ఉండే ఆ చేదు పోయింది, మధ్యాహ్నం మూడింటికి మూటల మీద ఒరిగిపోయే నీరసం తగ్గింది.

ఇప్పుడు రోజుకి రెండుసార్లు మెత్తటి బ్రష్, చిగురు అంచు మీద ఏటవాలుగా పెట్టి చిన్నగా కదిలిస్తా. రాత్రి పూట సందుల్లోకి పోయే బుల్లి బ్రష్ వేరే ఉంటుంది, మొదట్లో దానికి రక్తం అంటేది, పది రోజులకి ఆగిపోయింది. ఆగిన రోజు మా పాపని పిలిచి ఆ తెల్లటి బ్రష్ చూపించినా. అది దగ్గరికి వచ్చి, నా మొహం దగ్గరే మొహం పెట్టి చూసింది.

మూడు నెలలకి ఒకసారి తిరుపతి పోయి అంకెలు చెప్పించుకుంటా ఉండా. ముందు పండ్లు మూడు, నాలుగుకి వచ్చినాయి. ఎడమ దవడ పన్ను ఒకచోట ఇంకా అయిదు దగ్గరే ఉంది, అది తగ్గకపోతే చిగురు తెరిచి శుభ్రం చేయాల్సి రావచ్చు అన్నారు. వచ్చే నెల మళ్ళీ పోవాల. మా తమ్ముడికి కూడా షుగర్ ఉంది, ఈసారి వాణ్ణి కూడా బస్సెక్కించుకొని పోతా.