తాతయ్య తెచ్చిన ఆకుపచ్చ బెంజి

మా తాతయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అప్పట్లో మా శ్రీకాకుళం జిల్లా నుంచి ఖరగ్‌పూర్ పనికి వెళ్లినవాళ్లు చాలామంది. సెలవు పెట్టి వస్తే ఆమదాలవలసలో రైలు దిగి ఊరికి వచ్చేవాడు. ఒక్కోసారి కలకత్తా వెళ్లి పిల్లలకి ఏదో ఒకటి కొనేవాడట. అలా తెచ్చిన ఒక బొమ్మకారు అటక మీది బిస్కెట్ల డబ్బాలో నాకు దొరికింది. బొత్తాలు, తుప్పు పట్టిన తాళంచెవులు, వాటి కింద ఈ కారు.

అరచేతిలో పట్టేంత బెంజి కారు. వెనక రెండు పక్కలా చేప రెక్కల్లా లేచిన అంచులు. ముదురు ఆకుపచ్చ రంగు. తిరగేసి చూస్తే అడుగున "నికీ టాయ్స్" అని ఉంది. నాకు చెమటలు పట్టాయి.

ఎందుకో చెప్పాలి. లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డు ఫ్యాక్టరీలో మెకానో కంపెనీ డింకీ టాయ్స్ అనే కార్లు పోసేది. 1934 నుంచి ఆ పేరు. అక్కడ వాడిన అచ్చులు కొన్ని 1960ల్లో కలకత్తా చేరాయి. ఎస్. కుమార్ అండ్ కో అనే సంస్థ వాటితోనే నికీ టాయ్స్ పేరిట మన దేశంలో కార్లు తయారు చేసింది. బెంజి 220 ఎస్ఈ, ఫోక్స్‌వాగన్ 1500 లాంటివి వాటిలోవే. అచ్చు ఇంగ్లండుది, లోహం, రంగు మనవి. అందుకే బయటి దేశాల కలెక్టర్లు కూడా వీటిని వెతుక్కుంటారు. నేను ఏడేళ్లుగా పాత కార్లు పోగు చేస్తున్నాను, అయినా నికీ కారు చేతిలోకి రావడం అదే మొదటిసారి.

ఇక రంగు సంగతి. ఈ అభిరుచిలో అసలు రుచి అక్కడే ఉంది. అచ్చు ఒకటే, రంగులు వేరు. మ్యాచ్‌బాక్స్ అనే ఇంకో బ్రాండు బొమ్మకార్లలో 17వ నంబరు బెడ్‌ఫర్డ్ వ్యాన్ మెరూన్, లేత నీలం, ఆకుపచ్చ మూడింటిలోనూ వచ్చింది. 45వ నంబరు వాక్స్‌హాల్ విక్టర్ మామూలుగా పసుపు, ఎర్రది మాత్రం ఎక్కడో ఒకటి. ఆ తేడానే మేం వేరియేషన్ అంటాం. నా దగ్గరున్న ఫోటోల్లో ఎక్కడా ఆకుపచ్చ నికీ బెంజి లేదు. అంటే ఎవరూ నమోదు చేయని వేరియేషన్ నాకే దొరికిందా? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఫోటోలు తీసి ఇద్దరికి పంపాను. ముంబైలో ఒకాయన గంటలో ఫోన్ చేసి కొంటానన్నాడు. చెప్పిన ధర నా నెల జీతంలో సగం. కోల్‌కతాలో ఒక పెద్దాయన ఉన్నారు, నలభై ఏళ్లుగా ఇదే పని. ఆయన మెచ్చుకోనూ లేదు, కాదననూ లేదు. "రివెట్లు దగ్గరగా తీసి పంపండి" అని ఒక్క మాట రాశారు.

ఆయన ఎందుకు అడిగారో నాకు ఆ తర్వాత అర్థమైంది. ఫ్యాక్టరీలో ముందు బాడీకి రంగు వేస్తారు. రంగు ఆరాక చక్రాలు పెట్టి, అడుగు రేకు బిగించి, రివెట్ నొక్కుతారు. నొక్కినచోట లోహం అణిగి, కొత్తగా తెల్లగా బయటపడుతుంది. దాని మీద రంగు ఉండకూడదు. ఉంటే కారు ఫ్యాక్టరీ దాటాక ఎవరో చెయ్యి పెట్టారనే లెక్క.

విజయనగరం గంటస్తంభం దగ్గర నాకు తెలిసిన కంసాలి ఉన్నాడు. వాళ్లు రాళ్లు చూసుకునే భూతద్దం, పదింతలు పెద్దగా చూపించేది, అడిగి తీసుకుని ఆయన కొట్టు అరుగు మీదే కూర్చున్నాను. ముందు రివెట్ శుభ్రంగా ఉంది. వెనక రివెట్ పక్కన ఆవగింజంత ఆకుపచ్చ బొట్టు ఆరిపోయి ఉంది. అడుగు రేకు అంచు మీదకి కూడా రంగు పాకింది. బాడీ మీద వాలుగా చూస్తే సన్నటి గీతలు, బ్రష్ వెంట్రుకలు లాగిన జాడలు. ఫ్యాక్టరీలో వేసేది స్ప్రే, గీతలు పడవు. కుడివైపు తలుపు దగ్గర చిన్న పెచ్చు ఊడిన చోట మూడు వరుసలు కనిపించాయి. పైన ఆకుపచ్చ, కింద పలచటి మీగడ రంగు, ఆ కింద బూడిద రంగు లోహం. చక్రం గూట్లోకి టార్చి వేసి చూస్తే అక్కడ ఆకుపచ్చ లేనే లేదు, అంతా మీగడ రంగే. బ్రష్ అక్కడి దాకా వెళ్లలేదు.

కంసాలి భూతద్దం తీసుకుని తనూ చూశాడు. "తరవాతెప్పుడో ఏసిందే బాబూ" అన్నాడు. ముంబై ఆయనకి ఆ సాయంత్రమే ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన మళ్లీ ఫోన్ చెయ్యలేదు.

రంగు ఎవరు వేశారో తెలియాలి కదా. మా మావయ్య పాలకొండలో ఉంటాడు, ఇప్పుడు అరవై మూడేళ్లు. కారు తీసుకెళ్లి చేతిలో పెట్టాను. కళ్లద్దాలు పైకి జరిపి చాలాసేపు అలాగే చూశాడు.

"ఇది నానే ఏసినానురా" అన్నాడు. "పండక్కి శాల తలుపులకి రంగు ఏస్తే డబ్బాలో అడుగున మిగిలిపోనాది. అప్పటికి దీని రంగు పెచ్చులూడిపోయి ఏటోలా ఉండేది. మీ అమ్మ ఏడుస్తాదని ఏసినాను."

కారు మా అమ్మదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. మగపిల్లలకి తెచ్చి ఉంటాడనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

మర్నాడు ఊరికి వెళ్లాను. శాల ఎప్పుడో పడిపోయింది, తలుపు రెక్క ఒకటి మాత్రం పెరట్లో పిడకల గూడుకి అడ్డంగా ఉంది. దాని మీద మూడు నాలుగు రంగులు ఒకదాని మీద ఒకటి. గోటితో గీరుతుంటే నీలం ఊడింది, ఎరుపు ఊడింది, ఆ కింద ఆకుపచ్చ తేలింది. కారు పక్కన పెట్టాను. ఎండ తగిలి తలుపుది కొంచెం వెలిసింది గానీ, మడత బందు కింద దాగి ఉన్న చోట రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

కోల్‌కతా పెద్దాయనకి అంతా రాశాను. పై రంగు తీసేస్తే కింద మీగడ రంగు దొరుకుతుందని, తెలిసినవాళ్లు చేస్తే పని చెడదని అన్నారు. థిన్నరు జోలికి మాత్రం మీరు వెళ్లకండి, పై రంగుతోబాటు కింది రంగూ లేచిపోతుంది అని గట్టిగా చెప్పారు. నేను రెండు వారాలు ఆలోచించాను. మీగడ రంగు నికీ బెంజి ఇంకొకటి ఎక్కడైనా దొరకొచ్చు. మావయ్య పదకొండేళ్ల వయసులో మా అమ్మ కోసం వేసిన రంగు ఇంకెక్కడా దొరకదు. తియ్యలేదు.

మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచాను, ఇరుసుల దగ్గర పొడి బ్రష్ ఆడించాను, అంతే. తడి తగిలితే ఈ లోహానికి మంచిది కాదు, పైగా మాది సముద్రపు గాలి వచ్చే జిల్లా. అందుకే గాజు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టాను. నెలకోసారి పొట్లం మారుస్తాను.

ప్రతి కారుకీ ఒక కార్డు రాసుకోవడం నాకు అలవాటు. దీని కార్డులో ఇలా ఉంది: నికీ టాయ్స్, కలకత్తా. బెంజి 220 ఎస్ఈ. ఫ్యాక్టరీ రంగు మీగడ. పైన శాల తలుపు ఆకుపచ్చ, బ్రష్‌తో. వేసినది మావయ్య. కారు అమ్మది.