ఏం తిన్నారమ్మా?

2023 కార్తీకమాసం మొదటి సోమవారం నాడు నేను ఉపవాసం ఉన్నాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి తలస్నానం చేసి, తులసికోట దగ్గర దీపం పెట్టి, ఇంట్లోవాళ్ళకు వండి, కళాశాలలో నాలుగు పీరియడ్లు పాఠం చెప్పి, సాయంత్రం శివాలయానికి వెళ్ళివచ్చి, నక్షత్రాలు కనిపించాక నాలుగు ముద్దలు పులిహోర తిన్నాను. ఈ మధ్యలో నా కడుపులోకి వెళ్ళినవి ఐదు కాఫీలు మాత్రమే. కాఫీ తాగితే ఉపవాసం చెడదన్నది మా ఇంటి ఆచారం. పదిన్నరకు పడుకున్నాను. రెండు గంటలకు, చనిపోతున్నానన్న నిశ్చయంతో మెలకువ వచ్చింది.

భయంతో అని రాయలేదు, నిశ్చయంతో అనే రాశాను. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోంది, ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది, జాకెట్టు చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది, ఎంత గాలి పీల్చినా సగంలోనే ఆగిపోతోంది. లేచి వసారా మెట్టు మీద కూర్చున్నాను. తులసికోటలో దీపం ఎప్పుడో కొండెక్కింది. పాదాలు నేలను తాకుతున్న సంగతి కళ్ళకు తెలుస్తోంది గాని పాదాలకు తెలియడం లేదు. ఆ సమయంలో నాకు దేవుడు గుర్తురాలేదు, పుణెలో ఉన్న మా అబ్బాయి కూడా గుర్తురాలేదు. గట్టు మీద పెట్టిన దోసెల పిండి తెల్లారేసరికి పొంగి పొర్లిపోతుందని, దాన్ని ఎవరు తుడుస్తారోనని గుర్తొచ్చింది. “ఏమండీ” అని పిలిచాననుకున్నాను, గొంతు పెగల్లేదు. మావారు ఎలా లేచారో ఇప్పటికీ తెలియదు. పక్కింటి అబ్బాయి ఆటో తీశాడు. తెనాలి వీధులు అంత ఖాళీగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. దారిలో కనిపించిన ప్రతి మలుపూ ఆఖరిసారి చూస్తున్నట్టే అనిపించింది.

ఆసుపత్రిలో ఈసీజీ తీశారు, రక్తం తీశారు, గంట తర్వాత మరోసారి తీశారు. అన్నీ బాగానే ఉన్నాయి. రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు నా విద్యార్థి వయసు ఉంటుంది. అతడు నా వైపు చూడకుండా మావారితో, “ఏమీ లేదు సార్, ఈ వయసులో ఆడవాళ్ళకు పని తక్కువైతే ఇలాంటి ఊహలు వస్తుంటాయి, గ్యాస్ మాత్ర రాశాను” అన్నాడు. పని తక్కువైతే! ఆ మాటను నేను ఎన్ని రాత్రులు నెమరువేసుకున్నానో లెక్క లేదు. గుండెకు ప్రమాదం లేదని చెప్పడం అతని విధి, ఆ విధిని సరిగ్గానే నిర్వర్తించాడు, అందుకు కృతజ్ఞురాలిని. అయితే ‘ఏమీ లేదు’ అన్నది నా గుండెను గురించిన జవాబు మాత్రమే. దాన్ని నన్ను గురించిన జవాబుగా మార్చేశాడు. ఇంటిల్లిపాదీ ఆ జవాబునే పట్టుకుని మూడు నెలలు కూర్చున్నారు.

ఆ మూడు నెలలను త్వరగా దాటేస్తాను. మళ్ళీ అలాంటి రాత్రి వస్తుందేమోనన్న భయమే ఒక జబ్బుగా తయారైంది. మావారు “మనసు గట్టి చేసుకో” అనేవారు, నేనేదో మనసును ఉద్దేశపూర్వకంగా మెత్తగా ఉంచుకున్నట్టు. అత్తయ్యగారు ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు, తాయెత్తు కట్టించారు. దిష్టి తీసిన రోజు రాత్రి కొంచెం నిద్ర పట్టిన మాట నిజమే. ఎవరో ఒకరు నా కోసం కూర్చున్నారన్న ఊరట కావచ్చు. ముద్ద గొంతుకు అడ్డం పడుతుందన్న భయంతో తిండి సగానికి తగ్గించాను. పెరుగు తింటే కఫం చేస్తుందని ఒక బంధువు చెబితే పెరుగు మానేశాను. గ్యాస్ మాత్ర నాలుగేళ్ళుగా పరగడుపున వేసుకుంటూనే ఉన్నాను కనుక, డాక్టరు రాసిన దానితో అది రోజుకు రెండు పూటలైంది. నీరసం తగ్గుతుందని కాఫీలు మాత్రం ఐదూ తాగుతూనే ఉన్నాను. 58 కిలోలున్నదాన్ని 51కి వచ్చాను. తరగతి గదిలో బోర్డు వైపు తిరిగితే వెనక నుంచి నేల కదిలినట్టుండేది. చివరికి సెలవు పెట్టాను.

నన్ను మానసిక వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళింది మా ఆడపడుచు. పాతికేళ్ళుగా ఆవిడను నోటి దురుసు మనిషిగానే లెక్కగట్టుకున్నాను. ఆ నోటితోనే ఆవిడ తన తమ్ముణ్ణి, “పిచ్చి డాక్టరంటూ నలుగురూ ఏమనుకుంటారోనని చూస్తున్నావా? రేపు నేను తీసుకుపోతాను, నువ్వు ఇంట్లో కూర్చో” అని గదమాయించింది. మరునాడు గుంటూరు బస్సులో నా చెయ్యి వదల్లేదు. ఆవిడకు నేను పడిన బాకీ ఏ జన్మకూ తీరదు.

వైద్యురాలికి అరవై ఏళ్ళు ఉంటాయి. నా భయాల కథంతా శ్రద్ధగా విన్నాక, నేను ఊహించని ప్రశ్న వేశారు. “నిన్న పొద్దున లేచిన దగ్గరి నుంచి పడుకునేదాకా ఏం తిన్నారమ్మా? ఏం తాగారు?” నేను చెబుతుంటే ఆవిడ కాగితం మీద గంటలు వేసుకుంటూ రాసుకున్నారు. ఐదున్నరకు కాఫీ, ఏడున్నరకు కాఫీ, పదకొండుకు కాఫీ, మధ్యాహ్నం రెండు గంటలకు చారన్నం నాలుగు ముద్దలు, నాలుగుకు కాఫీ, ఆరుకు కాఫీ, రాత్రి ఒక ఇడ్లీ. నాలుక చూపించమన్నారు. నున్నగా, ఎర్రగా మండుతూ ఉండేది, ‘వేడి చేసింది’ అనుకుని ఏడాదిగా సబ్జాగింజలు నానబెట్టుకుని తాగుతున్నాను. అరికాళ్ళ తిమ్మిర్ల గురించి అడిగారు. గ్యాస్ మాత్ర ఎన్నేళ్ళ నుంచి అని అడిగారు. అప్పుడే కొన్ని రక్తపరీక్షలు రాసిచ్చారు.

థైరాయిడ్ సరిగానే ఉంది. హీమోగ్లోబిన్ 10.1. శరీరంలో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ 8. విటమిన్ బి12 మాత్రం 118. సాధారణంగా 200 లోపు ఉంటే లోపమనే అంటారు.

ఇక్కడ నేను ఒప్పుకోవలసిన సిగ్గుచేటు విషయం ఒకటుంది. నేను జంతుశాస్త్రం అధ్యాపకురాలిని. విటమిన్ల పట్టికను ఇరవై రెండేళ్ళుగా పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాను. బి12 మొక్కల ఆహారంలో దొరకదని, శాకాహారులకు పాలూ పెరుగే ఆధారమని, ఆహారంలోని ప్రొటీను నుంచి దాన్ని విడదీయడానికి జీర్ణాశయంలో ఆమ్లం కావాలని బోర్డు మీద రాసిన చేతితోనే పెరుగు గిన్నెను పక్కకు నెట్టి, ఆ ఆమ్లాన్ని అణిచే మాత్రను నాలుగేళ్ళు మింగాను. నయాసిన్ అనే విటమిన్ లోపం వల్ల వచ్చే పెల్లాగ్రాలో చర్మంతోపాటు మనసూ కుంగిపోతుందని, దక్కన్ ప్రాంతంలో జొన్న ప్రధానాహారంగా బతికిన పేదల్లో ఆ జబ్బును హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో గోపాలన్ గారి బృందం పరిశోధించిందని కూడా చెప్పేదాన్ని. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి అన్నదమ్ములు తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ వ్యాధితో చనిపోయారని, ఆయన బృందమే తర్వాత అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిందని, అది స్ప్రూకు మందుగా పనికొచ్చిందని చెబుతున్నప్పుడు నా గొంతు గర్వంతో వణికేది కూడా. తిండికీ మనిషికీ ఉన్న ఇంత కథ తెలిసిన నాకు నా కంచం మాత్రం కనిపించలేదు.

వైద్యురాలు చెప్పిన కారణాలు సూటిగా ఉన్నాయి. బి12 తగ్గితే నరాల మీది పొర దెబ్బతింటుంది, రక్తం తగ్గుతుంది, దిగులు, గాబరా, మతిమరుపు రావచ్చు. ఇనుము తగ్గితే ఆయాసమూ గుండెదడా వస్తాయి, మనసు వాటికి భయం అనే పేరు పెట్టుకుంటుంది. ఎక్కువసేపు ఏమీ తినకపోతే, రక్తంలో చక్కెరను నిలబెట్టడానికి శరీరం అడ్రినలిన్ వదులుతుంది. అప్పుడు చెమట, వణుకు, దడ. అచ్చం ఆ రాత్రి నాకు వచ్చినవే. దాని మీద కాఫీ. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక ఆరు గంటల కాఫీ పదకొండుకు కూడా నాలో మేలుకునే ఉంటుంది. ఆందోళన స్వభావం ఉన్నవారిలో అది ఏకంగా ఇలాంటి దాడినే రేపగలదు. 2024 మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ దాటవద్దని, 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలోనే 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుందని, భోజనానికి గంట ముందూ గంట తర్వాతా కాఫీ, టీలు తాగితే ఇనుము ఒంటబట్టదని చదివినప్పుడు, ఐదును నూటితో హెచ్చవేసి కాసేపు ఊరకే కూర్చున్నాను.

అయితే ఆవిడ ఒక మాట గట్టిగా చెప్పారు, దాన్ని నేనూ అంతే గట్టిగా రాయాలి. “తిండి ఒక్కటే సరిచేస్తే ఇది పోతుందని నేను అనడం లేదమ్మా. తిండి సరిచేయకుండా మందులు మాత్రమే ఇస్తే సగం పనే అవుతుందంటున్నాను.” బి12 ఇంజెక్షన్లు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి. ఇనుము మాత్రలు. ఆందోళనకు ఎస్సిటాలోప్రామ్, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి. వారం వారం మరొక నిపుణురాలి దగ్గర మాటల చికిత్స. గ్యాస్ మాత్రను ఆవిడ చెప్పిన పద్ధతిలో మెల్లగా మానిపించారు. మొదటి రెండు వారాలూ నరకమే. ఆందోళన మాత్ర మొదట్లో ఆందోళనను కాస్త పెంచవచ్చని ముందే చెప్పకపోయి ఉంటే నేను అక్కడితో ఆపేసేదాన్ని. కాఫీని రోజుకు ఐదు నుంచి ఒకటికి తేవడానికి నెల పట్టింది. ఒక్కసారిగా మానేయబోయిన రోజున తల పగిలిపోయింది.

తినడం నేర్చుకోవడం అంతకంటే కష్టమైంది. లేచిన గంటలోపు ఏదో ఒకటి కడుపులో పడాలి, మూడు నాలుగు గంటలకు మించి ఖాళీగా ఉండకూడదు అన్నవి రెండే నియమాలు. ఇందుకోసం నేను అంగట్లోంచి ఏ ఖరీదైన గింజలూ తెచ్చుకోలేదు. పెసరట్టు, రాగిజావలో మజ్జిగ, మునగాకు వేసిన కందిపప్పు, ఉలవచారు, నువ్వులపొడి, ఉడకబెట్టిన వేరుశెనగ, రెండు పూటలా పెరుగు. ఆకుకూర, పప్పు తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము బాగా ఒంటబడుతుంది. గుడ్డు తినవచ్చునని వైద్యురాలు అన్నారు గాని నాకు సయించదు. మావారు మాత్రం ఆ సలహాను తన కోసమే చెప్పినట్టు తీసుకుని, ఎన్నేళ్ళుగానో బజార్లో చాటుగా తింటున్న ఆమ్లెట్టుకు అధికారిక హోదా తెచ్చుకున్నారు. చద్దన్నంలో బి12 ఉంటుంది కదా అని అడిగాను. చద్దన్నం మంచిదే, తినండి, కాని 118 ఉన్న మనిషి దాన్ని నమ్ముకుని ఇంజెక్షన్ మానకూడదు అన్నారు. బి12 చూసుకోకుండా ఫోలిక్ ఆమ్లం మాత్రలు మాత్రమే మింగితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తూ లోపల నరాలు పాడవుతూనే ఉంటాయని కూడా హెచ్చరించారు. సొంతంగా మాత్రలు కొనుక్కునేవారు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి.

ఆరో వారంలో నాలుక మంట తగ్గింది. మూడో నెలలో ఒక రాత్రి మెలకువ వచ్చి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ పడుకుని నిద్రపోయాను. తెల్లవారి లేచాక గాని అది ఎంత పెద్ద సంగతో తెలియలేదు. అరికాళ్ళలో తిమ్మిరి ఇప్పటికీ కొంచెం మిగిలే ఉంది. మూడు నెలల ముందు ఎవరైనా ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇదీ మిగిలేది కాదేమోనని అనిపించినప్పుడు, ఆ కుర్ర డాక్టరు మీది కోపం మళ్ళీ మొదటి రోజంత తాజాగా వస్తుంది.

కోలుకుంటున్న కొద్దీ ఇంకో రకం మనుషులు తయారయ్యారు. ఒకప్పుడు “అంతా నీ మనసులోనే ఉంది” అన్నవారే ఇప్పుడు “అంతా కడుపులోనే ఉందట కదా, ఇక ఆ మాత్రలెందుకు, రోజూ రెండు అరటిపళ్ళు తిను” అంటున్నారు. సెరటోనిన్‌లో తొంభై శాతం పేగుల్లోనే తయారవుతుందని ఒక సహోద్యోగి నాకే పాఠం చెప్పారు. తయారయ్యే మాట నిజమే గాని, అక్కడి సెరటోనిన్ మెదడులోకి నేరుగా పోదని ఆయనకు చెప్పాను, నొచ్చుకున్నారు. ఆస్ట్రేలియాలో జరిపి 2017లో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి వైద్యురాలే నాకు చెప్పారు. డిప్రెషన్ ఉన్న 67 మందిని తీసుకుని, కొందరికి పన్నెండు వారాలు పప్పులు, కూరగాయలు, ముడిధాన్యాలు, చేపలు ఎక్కువగా ఉండే తిండి అలవాటు చేశారు. మిగిలినవారికి మనిషి తోడు, కబుర్లు మాత్రం ఇచ్చారు. తిండి మార్చుకున్నవారిలో 32 శాతం మందికి జబ్బు దాదాపు నెమ్మదించింది, రెండో వర్గంలో 8 శాతం మందికే. అది డిప్రెషన్ మీద జరిగిన చిన్న ప్రయోగం, పైగా అందులో చాలామంది మందులు కూడా వాడుతూనే ఉన్నారు. దాన్ని చూపి ఎవరి చేతిలోంచైనా మాత్ర లాక్కోవడం పాపం. నా మాత్రను ఏడాది తర్వాత వైద్యురాలే తగ్గిస్తూ వచ్చి ఆపారు.

తిరిగి ఉద్యోగంలో చేరాక, ప్రాక్టికల్స్ మధ్యలో కళ్ళు తిరిగాయనో గుండె దడగా ఉందనో ఏ ఆడపిల్ల చెప్పినా, పరీక్షల భయమని తీసిపారేయకుండా పొద్దున ఏం తిన్నావని అడుగుతున్నాను. ‘టీ తాగానండీ’ అన్నది ఎక్కువగా వచ్చే జవాబు. నా బల్ల సొరుగులో వేరుశెనగ అచ్చులు ఉంటాయి. తిన్నాక కూడా దడ తగ్గని పిల్లల తల్లిదండ్రులకు ఫోను చేసి, డాక్టరుకు చూపించమని చెబుతాను.

మావారు ఇప్పటిదాకా క్షమించమని అనలేదు. పొద్దున్నే రాగిజావ కాస్తారు, రోజూ ఉండలు కడుతుంది, నేను ఉండలు నలిపి తాగుతాను.

ఉపవాసాల విషయం తేలలేదని నాకు బెంగగా ఉండేది. మా శివాలయం అర్చకులను అడిగితే, రోగికీ అశక్తునికీ ఉపవాస నియమం లేదమ్మా, దీపం పెట్టుకోండి చాలు అన్నారు. 2024 కార్తీకంలో మొదటి సోమవారం దీపం పెట్టాను, గుడికి వెళ్ళాను. మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. డెబ్భై ఎనిమిదేళ్ళ అత్తయ్యగారు కార్తీక సోమవారాలు ఒక్కటీ తప్పలేదు, ఆ రోజు కూడా ఉపవాసంలోనే ఉన్నారు. నేను వంటింట్లోకి వెళ్ళాలా వద్దా అని తచ్చాడుతుంటే ఆవిడే లేచి కంచంలో పప్పన్నం కలిపి, పక్కన గిన్నెడు పెరుగు పెట్టి, నా ముందుకు జరిపారు. నేను ముద్ద నోట్లో పెట్టుకునేదాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత, “ఉసిరికాయ పచ్చడి కూడా వేసుకో” అన్నారు.