స్లీవ్ ఆపరేషన్ అయ్యాక సీపాప్ మానేద్దామనుకుని... నా అనుభవం

పెళ్ళైన కొత్తలో నాకు గురక వస్తుందని మా ఆయన చెప్తే మూడ్రోజులు మాట్లాడలేదు నేను. మగాళ్ళ గురకకి అందరూ నవ్వేసి ఊరుకుంటారు, ఆడది గురక పెడితే మాత్రం అదేదో పెంపకం లోపం అన్నట్టు చూస్తారు. ఆ సిగ్గుతోనే పదేళ్ళు లాగించేసా. చివరికి 2021లో స్కూల్ నుంచి స్కూటీ మీద వస్తూ సిగ్నల్ దగ్గర ఆగి అక్కడే కునుకు తీసా, వెనక ఆటో అతను హారన్ కొడితే ఉలిక్కిపడి లేచా, అప్పుడు భయమేసి వెళ్ళా డాక్టర్ దగ్గరికి. అప్పుడు నా బరువు 118, ఎత్తు 160 సెంటీమీటర్లు. నిద్రలో ఊపిరిని కొలిచే టెస్ట్ (స్లీప్ స్టడీ) చేస్తే స్లీప్ ఆప్నియా అని తేలింది, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. ఏహెచ్‌ఐ 46 వచ్చింది. అంటే గంటకి 46 సార్లు ఊపిరి ఆగిపోవడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందన్నమాట. 5 లోపు ఉంటే నార్మల్, 15 దాకా మైల్డ్, 30 దాకా మోడరేట్, ఆ పైన సివియర్. రక్తంలో ఆక్సిజన్ ఒక టైంలో 71 శాతానికి పడిపోయింది. మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు, గురక మీద జోకులు ఆ రోజుతో బంద్.

సీపాప్ మెషిన్ 14 ప్రెషర్ మీద ఫిక్స్ చేసి ఇచ్చారు, మాస్క్‌లోంచి గాలిని ఒత్తిడితో పంపి నిద్రలో గొంతు మూసుకుపోకుండా చూస్తుంది అది. మొదటి వారం నరకం, మూడో వారానికి అది లేకపోతే నిద్ర పట్టని స్థితి. మా చిన్నది దానికి ఏనుగు తొండం అని పేరు పెట్టింది, ఇంట్లో అందరం అదే పేరుతో పిలిచేవాళ్ళం, గాలికి తడి కోసం దాంట్లో నీళ్ళు పొయ్యాలి కదా, "తొండంలో నీళ్ళు పోసావా" అని.

2023 ఫిబ్రవరిలో స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నా, అంటే బరువు తగ్గడానికి పొట్టలో చాలా భాగం కోసి తీసేసి సన్న గొట్టంలా చేస్తారు. ఇన్సూరెన్స్ సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 40 దాటితే గానీ, లేదా 35 దాటి సివియర్ ఆప్నియా, కంట్రోల్లో లేని షుగర్ లాంటివి ఉంటే గానీ ఇవ్వరు, దానికి పాలసీలో వెయిటింగ్ పీరియడ్ కూడా ఉంటుంది, నాది అప్పటికే దాటిపోయింది కాబట్టి బతికిపోయా. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ గారు అడిగిన మొదటి మాట "మెషిన్ రోజూ పెట్టుకుంటున్నావా అమ్మా" అని. హాస్పిటల్‌కి నా మెషిన్ నన్నే తెచ్చుకోమన్నారు. ఆపరేషన్ అయిన రాత్రి కూడా పెట్టారు. పొట్టకి కుట్లు వేసారు కదా ఈ గాలికి ఏమన్నా అవుద్దేమో అని నాకు గుండె దడ, మత్తు మందు, నొప్పి మందుల మీద ఉన్నప్పుడు ఊపిరి ఆగడమే ఎక్కువ ప్రమాదం, గాలికి ఏం కాదు అన్నారు డాక్టర్ గారు.

అసలు గొడవ మూడో నెల తర్వాత మొదలైంది. మే నెలకి 96కి వచ్చా. అందరూ మొహం చిక్కింది అంటుంటే సంతోషంగానే ఉంది గానీ, రాత్రయ్యేసరికి ఆ చిక్కిన మొహం మీద మాస్క్ కూర్చోవట్లేదు. ముక్కు పక్కనుంచి గాలి బుస్సుమని కంట్లోకి కొడుతుంది. స్ట్రాప్ బిగిస్తే ముక్కు మీద తోలు లేచి పుండు పడింది, వదులు చేస్తే మళ్ళీ బుస్. ఇంకోపక్క పొద్దున లేచేసరికి పొట్ట డప్పులా ఉబ్బిపోయి, వరసగా తేన్పులు. మన పొట్ట ఇప్పుడు అరటిపండంత, అందులోకి రాత్రంతా గాలి పంప్ చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అన్నం కాదు కదా మంచినీళ్ళు కూడా దిగట్లేదు. నేనేమో ఇది స్లీవ్ వల్ల వచ్చే గ్యాస్ అనుకుని వాము నీళ్ళు తాగుతూ కూర్చున్నా ఇరవై రోజులు. మెషిన్ అమ్మిన షాపతనికి ఫోన్ చేస్తే "అందరికీ అలాగే ఉంటది మేడం, అలవాటైపోద్ది" అన్నాడు. రెండేళ్ళుగా వాడుతున్న మనిషికి కొత్తగా అలవాటవ్వడం ఏంటో.

చివరికి నిద్ర చూసే డాక్టర్ గారి దగ్గరికే వెళ్తే విషయం రెండు నిమిషాల్లో తేలిపోయింది. 14 అనేది 118 కిలోల మనిషి గొంతు తెరిచి పెట్టడానికి లెక్క కట్టిన ప్రెషర్, ఇప్పుడు ఆ గొంతుకి అంత అక్కర్లేదు, ఎక్కువైన గాలి పొట్టలోకి పోతోంది. ఆటో మోడ్‌లో పెట్టి 6 నుంచి 12 మధ్యలో ఎంత కావాలో మెషిన్‌నే తేల్చుకోనిచ్చారు. మాస్క్ మొత్తం మార్చక్కర్లేకుండా కుషన్ ఒక్కటే మీడియం నుంచి స్మాల్‌కి మార్చారు. రెండు వారాలు పోయాక మెషిన్‌లో రికార్డయ్యే ఎస్‌డీ కార్డ్ తీసుకెళ్తే రాత్రి చాలా భాగం 9 లోపే నడుస్తోందని తేలింది. పొట్ట ఉబ్బరం ఆ వారంలోనే పోయింది. వాము నీళ్ళు వేస్ట్.

ఇక్కడిదాకా బానే ఉంది, తర్వాత చేసింది నా తెలివితక్కువ పని.

2024 సంక్రాంతికి అత్తగారి ఊరు వెళ్ళాం. అప్పటికి 79 కిలోలు. మా ఆయన చాపా దిండూ హాల్లోంచి మళ్ళీ గదిలోకి వచ్చి రెండు నెలలైంది, గురక అసలు లేదు అంటున్నారు. మెషిన్ స్క్రీన్ మీద పొద్దున్నే చూస్తే ఏహెచ్‌ఐ 1.2, ఇంకో రోజు 0.9. 46 ఎక్కడ, 1 ఎక్కడ, ఇంక నాకు జబ్బు ఎక్కడుంది అనుకున్నా. ఇంట్లో పాతికమంది చుట్టాలు, ఒక్కో గదిలో ఆరుగురం వరసగా పడుకోవడం, వాళ్ళ మధ్యలో ఆ తొండం పెట్టుకుని ఏం పడుకుంటాంలే అని బ్యాగ్ తెరవనే లేదు. నాలుగు రాత్రులు హాయిగా పడుకున్నా. తిరిగొచ్చాక మెషిన్ ఎక్కింది బీరువా మీదకి. డాక్టర్ గారికి చెప్పలేదు. ఆయన ఎటూ బరువు ఒక చోట నిలబడ్డాక మళ్ళీ టెస్ట్ చేసి అప్పుడు చూద్దాం అనే అన్నారు, నేను ఆ టెస్ట్ నేనే పాసయ్యాననుకున్నా.

మార్చి వచ్చేసరికి పొద్దున్నే తలనొప్పి. పదో తరగతి పరీక్షల డ్యూటీలో నిలబడే ఆవలింతలు. ఆపరేషన్ తర్వాత ఒక్క మాత్రకి తగ్గిన బీపీ మళ్ళీ 142 బై 92. స్లీవ్ అయిన మనకి నీరసానికి కారణాలు తక్కువా, ఐరన్, బీ12, ప్రోటీన్ సరిపోకపోవడం, జుట్టు కూడా గుప్పెళ్ళు గుప్పెళ్ళు ఊడుతోంది, అన్నీ వాటి మీదకే తోసేసా. నిజంగానే హిమోగ్లోబిన్ 9.8 ఉంది. దాంతో ఇదే కారణం అని ఇంకా గట్టిగా నమ్మా.

పట్టుకుంది మా ఆయనే. ఒక రాత్రి మంచినీళ్ళకి లేచారంట, నేను వెల్లకిలా పడుకుని ఉన్నా, గదంతా నిశ్శబ్దం. ఎందుకో అనుమానం వచ్చి ఫోన్‌తో వీడియో తీసారు. పొద్దున చూపించారు. గురక లేదు, నిజమే. ఛాతీ మాత్రం ఎగిరెగిరి పడుతోంది, ముక్కులోంచి గాలి లేదు, నోట్లోంచి లేదు. 17 సెకన్లు. లెక్కపెట్టుకున్నా. తర్వాత చిన్నగా ఒక ఎగశ్వాస, పక్కకి తిరిగి మళ్ళీ మామూలే. పది సెకన్లు ఆగితేనే దాన్ని ఆప్నియా కింద లెక్కేస్తారు. ఆ వీడియో మళ్ళీ చూడలేక డిలీట్ చెయ్యమన్నా, డాక్టర్ గారికి చూపించేదాకా చెయ్యనన్నారు.

డాక్టర్ గారు తిట్టలేదు, తిడితే బాగుండేది. స్క్రీన్ మీద 1.2 వచ్చింది కదండీ అని నేను వాదిస్తే "అది మెషిన్ పెట్టుకుంటే వచ్చిన నంబర్ కదమ్మా, గొడుగు కింద నిలబడి వాన లేదంటే ఎలా" అన్నారు. నోరు తెరిపించి టార్చ్ వేసి చూసారు. నా కింది దవడ చిన్నది, కాస్త వెనక్కి ఉంటుంది, నాలుక పడుకోగానే వెనక్కి జారుతుంది. కొవ్వు తగ్గితే గొంతు చుట్టూ ఒత్తిడి తగ్గుతుంది గానీ ఎముక మారదు కదా. మా అమ్మ దవడ కూడా ఇంతే, పాపం ఆవిడ సన్నగా ఉండి కూడా గురక పెట్టేది, ఎవరూ పట్టించుకోలేదు.

ఐరన్, బీ12 ఇంజెక్షన్లు ఒక పక్క, స్లీప్ స్టడీ ఒక పక్క. ఈసారి మెషిన్ లేకుండా, ల్యాబ్‌లో రాత్రంతా. తలలో జిగురు పెట్టి వైర్లు, కళ్ళ పక్కన, గడ్డం కింద, కాళ్ళకి కూడా, ఛాతీకొకటి పొట్టకొకటి బెల్టు, ముక్కులో గొట్టం, వేలికి క్లిప్. నాకు ₹12,000 అయ్యింది. కొంతసేపు వెల్లకిలా కూడా పడుకోమ్మా అని టెక్నీషియన్ అమ్మాయి ముందే చెప్పింది, ఎందుకంటే నేను ఎప్పుడూ పక్కకే తిరుగుతా, అలా తిరిగి పడుకుంటే అసలు సంగతి బయటపడదు. జిగురు వదిలించుకోవడానికి మూడుసార్లు తలంటుకోవాల్సొచ్చింది, ఉన్న నాలుగు వెంట్రుకలూ దాంతోనే పోయాయి.

రిజల్ట్ మొత్తం మీద 13. వెల్లకిలా పడుకున్నప్పుడు 29, పక్కకి తిరిగితే 4. పేరుకి మైల్డ్, వెల్లకిలా లెక్క చూస్తే మోడరేట్‌కి చివర. బీపీ ఉంది కాబట్టి, బరువు ఇంకా దిగుతోంది కాబట్టి మెషిన్ ఇంకొన్నాళ్ళు పెట్టుకోమన్నారు, ఆటోలోనే 5 నుంచి 9. ఆ ప్రెషర్‌లో అసలు ఉన్నట్టే తెలియదండీ, 14 మోసిన మనిషికి అదో ఫ్యాన్ గాలి. వీపు వెనక గట్టి దిండు పెట్టి పక్కకే పడుకోవడం అలవాటు చేసుకున్నా. మూడు వారాల్లో తలనొప్పి పోయింది. అది ఐరన్ వల్లా మెషిన్ వల్లా అంటే నేను తేల్చి చెప్పలేను, రెండూ ఒకేసారి మొదలయ్యాయి. బీపీ మటుకు దిగింది.

అక్టోబర్‌కి 72 దగ్గర బండి ఆగిపోయింది, రెండు నెలలు అటూ ఇటూ కదల్లేదు. నవంబర్‌లో మళ్ళీ టెస్ట్, మళ్ళీ జిగురు. దానికి ముందు కొన్ని రోజులు మెషిన్ ఆపమన్నారు. ఈసారి 4.6. వెల్లకిలా అయితే 8. అప్పుడు చెప్పారు డాక్టర్ గారు, ఇంక ఆపెయ్యొచ్చు అని. ఊరికే వదల్లేదు లెండి, బరువు మళ్ళీ పెరిగినా, పగలు నిద్ర ముంచుకొచ్చినా, బీపీ ఎగిరినా వెంటనే రావాలి, ఎప్పుడన్నా ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇస్తుంటే నాకు ఆప్నియా ఉండేది అని చెప్పి తీరాలి, పక్కకి తిరిగి పడుకోవడం మానకూడదు, మెషిన్ అమ్మెయ్యకూడదు.

ఇప్పుడు అది మళ్ళీ బీరువా మీదే ఉంది, ఈసారి చీటీ మీద పర్మిషన్‌తో. మా ఆయన ఇప్పటికీ నెలకోసారి నిద్రలో నన్ను వీడియో తీస్తారు, నేను తెలియనట్టు ఉంటా. మొన్న మా తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, అది ఊరికే పడుంది కదా, నాకిచ్చెయ్, మీ మరదలు గురక గురక అని చంపుతోంది" అన్నాడు. వాడు 108 కిలోలు. టెస్ట్ చేయించుకున్నావా అంటే లేదంట, పెట్టుకుని చూస్తాడంట. నా సెట్టింగ్ నీకెలా పనికొస్తుందిరా, ముందు వెళ్ళి టెస్ట్ చేయించుకో, ఆ తర్వాత చూద్దాం అన్నా. అయినా నా మాస్క్ స్మాల్ సైజు, వాడి మొహంలో ముక్కుకి కూడా సరిపోదు.