గాదంకి పైన గాలి: రాడార్ లెక్క, ఉపగ్రహం లెక్క

పోయిన నెలలో ఒక విద్యార్థి గీసి తెచ్చిన పటంలో, ఒకే ఎత్తున, ఒకే గంటలో, రాడార్ గాలిని తూర్పు వైపుకూ ఉపగ్రహం పడమర వైపుకూ చూపించాయి. పొసగని ఆ ఉపగ్రహపు చుక్కను పటంలోంచి తీసివేద్దామా అని అడిగాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో వివరంగా రాయాలనిపించింది.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో, కొండల నడుమ ఉన్న గాదంకి ఎంఎస్‌టీ రాడార్ (వాతావరణపు మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ పొరలను చూసేది) గురించి ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. 130 మీటర్ల చదరంలో నిలిపిన 1024 యాంటెన్నాలతో 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపే ఆ రాడార్ దాదాపు 20 కిలోమీటర్ల వరకు గాలిని ఎంతో సూక్ష్మంగా కొలుస్తుంది. ఆపైన ప్రతిధ్వని ఆగిపోయి, మళ్లీ 65 నుంచి 85 కిలోమీటర్ల మధ్య, అదీ పగటివేళ, అక్కడక్కడ పొరలుగా దొరుకుతుంది. అంతకంటే పై ఎత్తులకు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో 2013లో మొదలైన ఉల్కా రాడార్ ఆధారం. ఉల్క మండిపోయాక మిగిలే అయాన్ల చార గాలితోపాటు కొట్టుకుపోతుంది. ఆ చార మన వైపుకు వస్తోందా, దూరంగా పోతోందా అన్నది తిరిగొచ్చే తరంగపు పౌనఃపున్యంలో కలిగే తేడా, అంటే డాప్లర్ మార్పు, చెబుతుంది. అయితే ఒక్క చారతో గాలి తేలదు. విశాలమైన ఆకాశంలో గంటసేపు పడిన చారలన్నిటినీ కలిపితేనే ఒక విలువ వస్తుంది. భూమి తన కక్ష్యలో సాగే దిక్కుకు తెల్లవారుజామున మనం ఎదురుగా ఉంటాం గనుక అప్పుడు చారలు విస్తారంగా దొరుకుతాయి. సాయంత్రం బాగా తగ్గిపోతాయి. సాయంత్రపు విలువను ఉదయపు విలువంత గట్టిగా నమ్మకూడదని నా అభిప్రాయం.

ఉపగ్రహం చూసే తీరే వేరు. 2019 అక్టోబరులో నాసా పంపిన ఐకాన్ ఉపగ్రహంలోని గాలిని కొలిచే మైటీ పరికరం కిందికి కాక, దిగంతం వైపు ఏటవాలుగా చూస్తూ, 557.7 నానోమీటర్ల వద్ద ఆక్సిజన్ వెలువరించే ఆకుపచ్చ కాంతిలోని డాప్లర్ మార్పును కొలిచింది. ఆ చూపు వందల కిలోమీటర్ల గాలిని దాటి వస్తుంది. పైగా గాలి దిక్కు తేలాలంటే రెండు దిక్కుల నుంచి చూడాలి, ఆ చూపుల మధ్య కొన్ని నిమిషాల ఎడం ఉంటుంది. అన్నిటికంటే కష్టమైనది సున్నా గాలిని, అంటే గాలి లేనప్పుడు పరికరం ఏం చూపాలో దాన్ని, నిర్ణయించడం. ఉపగ్రహం సెకనుకు సుమారు 7.5 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంటే, మనకు కావలసిన గాలి సెకనుకు కొన్ని పదుల మీటర్లే. 45 డిగ్రీల కోణంలో చూసే పరికరం దిశలో 0.1 డిగ్రీ పొరపాటు జరిగితే చాలు, సెకనుకు దాదాపు 9 మీటర్ల లేని గాలి పుట్టుకొస్తుంది. భూభ్రమణ వేగాన్ని కూడా ఇదే జాగ్రత్తతో తీసివేయాలి.

1991లో వెళ్లిన నాసా వారి యూఏఆర్ఎస్ ఉపగ్రహం కొలిచిన గాలులను నేలమీది మీడియం ఫ్రీక్వెన్సీ (మధ్యస్థ పౌనఃపున్యపు) రాడార్లతో పోల్చినప్పుడు ఉపగ్రహపు వేగాలే ఎక్కువగా కనిపించాయి. తొలి అనుమానం ఉపగ్రహం మీదికి పోవడం సహజమే, కానీ ఆ రకం రాడార్లు 90 కిలోమీటర్ల పైన గాలిని తక్కువగా చూపుతాయని ఉల్కా రాడార్లతో పోల్చినప్పుడు తేలింది. నేలమీద ఉన్నంత మాత్రాన రాడార్‌నే గీటురాయి అనుకోవడం సరికాదని అప్పటినుంచీ నా మనసులో నాటుకుంది.

ఇక ఆ చుక్క సంగతి. మన అక్షాంశాల వద్ద రోజువారీ వాతావరణ ఆటుపోట్లు, అంటే సూర్యుడి వేడివల్ల రోజూ గాలిలో లేచే పెద్ద అలలు, బలమైనవి. వాటివల్ల కొద్ది కిలోమీటర్ల ఎత్తులోనే గాలి దిక్కు మారిపోగలదు. విద్యార్థిచేత అదే గంటకు రాడార్ విలువలను అన్ని ఎత్తులకూ గీయించాను. ఆ చుక్కకు మూడు కిలోమీటర్ల పైన రాడార్ గాలి కూడా పడమరకే ఉంది. అంటే రెండు లెక్కలూ ఎత్తులో కాస్త తేడాతో ఒకే గాలిని చూపుతూ ఉండవచ్చు. చుక్కను ఉంచి, దాని పక్కన ఆ ఎత్తు తేడాను రాసిపెట్టాం.